గోల్డ్ మెంబర్‌షిప్ కట్టే ముందు ఒక్కసారి ఆగండి



కెమెరా పట్టిన మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ మధ్య ఒకటే మాట అడుగుతున్నారు. "అన్నా, సైట్‌లో గోల్డ్ మెంబర్‌షిప్ తీసుకుంటే బుకింగ్స్ వస్తాయా?" సూటిగా చెప్తున్నాం, మనలో చాలామందికి రావు.

సైటువాళ్ళు అమ్మేది లిస్టులో పై వరస మాత్రమే. వందమందిలో మీరొక్కరే కడితే పైకొస్తారు. అరవైమంది కడితే ఆ అరవైలో మళ్ళీ ఒకరు. అప్పుడు "గోల్డ్ సరిపోదు, ప్లాటినం తీసుకోండి" అంటారు. పని అంతే ఉంది, చందా పెరిగింది. మీకు బుకింగ్ రాకపోయినా వాళ్ళ డబ్బు వాళ్ళకి ముట్టింది కదా, ఇక మీ పని గురించి వాళ్ళకేం బెంగ?

సినిమాకైనా వెబ్ సిరీస్‌కైనా అసిస్టెంట్‌ని పిలిచేది ఎక్కువగా కెమెరామనే. టైముకి వస్తాడా, మెమరీ కార్డు జాగ్రత్తగా చూస్తాడా, ఫుటేజ్ రెండు చోట్ల కాపీ చేస్తాడా అని తెలిసినవాళ్ళని అడుగుతాడు. బ్యాడ్జి రంగు అడగడు.

"మరి పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకి వస్తున్నాయిగా?" అంటారు. నిజమే. పెళ్ళివాళ్ళు కొత్తవాళ్ళు, నేరుగా సైట్‌లో వెతుకుతారు. హైదరాబాద్‌లో, విశాఖలో సొంత టీమ్, చూపించడానికి ఆల్బమ్‌లు ఉన్నవాళ్ళకి కొంత లాభం ఉండొచ్చు. ఉట్నూరులోనో పాడేరులోనో ఉండి రెండో కెమెరాకి వెళ్ళే పిల్లాడికి కూడా అదే ప్యాకేజీ అంటగట్టడాన్నే మేం తప్పంటున్నాం.

అయినా కడతామంటే ఏడాదికి కట్టకండి, ఒక్క నెలకే కట్టి చూడండి. పోయిన నెల మన జిల్లాలో ఎంతమంది కెమెరావాళ్ళ కోసం వెతికారో ముందు అడగండి. చెప్పకపోతే వదిలేయండి. ఆటోపే అసలే పెట్టొద్దు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. కానీ ₹15,000 లోపు అయితే మామూలుగా ప్రతిసారీ ఓటీపీ అడగరు. మెసేజ్ చూసుకోకపోతే స్కాలర్‌షిప్ డబ్బులే పోతాయి. ఆ డబ్బుతో ఇంకో బ్యాటరీ కొనుక్కోండి, రెండు నిమిషాల షోరీల్ చేసుకోండి.

ఇంకో మాట. కేస్లాపూర్ నాగోబా జాతరకి, మేడారానికి బయట నుంచి కెమెరా టీమ్‌లు వస్తాయి. గోండి, కోయ మాట్లాడేవాళ్ళు, ఎక్కడ కెమెరా ఎత్తకూడదో తెలిసినవాళ్ళు వాళ్ళకి అవసరం. ఆ తెలివి మన దగ్గరుంది. అయినా మన పిల్లలు ట్రైపాడ్ మోసి వస్తున్నారంటే, మనవాళ్ళలో ఎవరు ఏం తీయగలరో చెప్పే లిస్టు మన దగ్గర లేకపోవడం కూడా ఒక కారణం.

ఆ లిస్టు మనమే రాసుకుందాం. పేరు, ఊరు, కెమెరా, వచ్చిన భాషలు, రోజు రేటు. ఒకరి రేటు ఒకరు కొట్టుకోవద్దు. మీకు పెద్ద పని వస్తే రెండో కెమెరాకి మనవాళ్ళనే పిలవండి.

జై ఆదివాసీ!