ఆ పుస్తకాలను తూకానికి వేయకండి
సోఫా ఉండాల్సిన చోట పుస్తకాల దొంతర్లు, మంచం కింద పాత పత్రికల కట్టలు, అటక నిండా నిఘంటువులు. అలాంటి ఇంటికొచ్చిన చుట్టాలు ‘కాస్త సర్దుకోరాదూ’ అంటారు. నా దృష్టిలో అది నిండైన ఇల్లు. కడపలో ఈస్టిండియా కంపెనీ అధికారి సి.పి. బ్రౌన్ బంగళా ఒకప్పుడు అలాంటిదే. సొంత డబ్బు చాలక అప్పులు చేసి మరీ ఆయన అక్కడ పండితులను పోషించాడు, తాళపత్రాలు సేకరించి శుద్ధ ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చెక్కించిందీ ఆ తపనే. ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది. ఇలా పుస్తకాలు నిండిన ఇంట్లో దుమ్ము దులిపే ఇల్లాలి విసుగు న్యాయమైనదే. ఆ పని చదివేవాళ్లే చేసుకోవాలి. కానీ ఇంటిపెద్ద పోయిన నెలకే ఆయన పుస్తకాలను కిలోల లెక్కన అమ్మేయడం మాత్రం అన్యాయం. అమ్మేముందు ఒక్కసారి మీ ఊరి గ్రంథాలయాన్ని అడగండి.