రాడార్ కింద చీకటి

నాంపల్లి, అబిడ్స్ వాళ్లకు సెప్టెంబరు సాయంత్రాల సంగతి బాగా తెలుసు. నాలుగింటికి ఎండ కాస్తుంటుంది, ఐదింటికల్లా రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. చెప్పాపెట్టకుండా కురిసిందంటారు. ఏడు కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో, వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉండి కూడా ఈ మాట అనాల్సి రావడం నాకు మింగుడుపడదు.

అది అంత దగ్గర్లో ఉండటమే సగం చిక్కు. రాడార్ పంపిన తరంగాలు చినుకులకు తగిలి వెనక్కొస్తాయి. చినుకు వ్యాసం రెండింతలైతే ఆ ప్రతిధ్వని 64 రెట్లవుతుంది. అందుకే కుండపోత తెర మీద ఎర్రగా మండుతూ కనిపిస్తుంది. మచిలీపట్నం రాడార్ సముద్రం మీది తుపానును ఎంతో దూరంలో ఉండగానే పట్టేది ఇలాగే. కానీ యాంటెన్నా నడినెత్తికి చూడదు. మామూలుగా 20 డిగ్రీల వరకే పైకి లేస్తుంది. ఆ లెక్కన అబిడ్స్ మీద దాని చూపు సుమారు రెండున్నర కిలోమీటర్ల ఎత్తు దాకానే. క్యుములోనింబస్ మేఘం 12 కిలోమీటర్లు దాటి పెరుగుతుంది, చినుకులు లావెక్కడం మొదలయ్యేది ఆ రెండున్నర కిలోమీటర్లకు పైనే. అవి కిందికి జారి రాడార్‌కు చిక్కేసరికి మనకు మిగిలేది నిమిషాలే. దీపం కింద చీకటంటే ఇదే.

విరుగుడు కొత్తదేం కాదు, దూరం నుంచి చూసే మరో కన్ను కావాలి. ఢిల్లీలో పాలం, లోధీ రోడ్డు, ఆయానగర్‌లలో రాడార్లున్నాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన మిషన్ మౌసమ్‌లో రాడార్ల పెంపు ముఖ్యమైన పని. నగరానికి 35 కిలోమీటర్ల అవతల ఒక ఎక్స్-బ్యాండ్ రాడార్ పెడితే, అదే 20 డిగ్రీల చూపు అబిడ్స్ మీద 12 కిలోమీటర్ల ఎత్తును అందుకుంటుంది. ఎక్స్-బ్యాండ్ తరంగం జడివానలో త్వరగా నీరసిస్తుంది, నిజమే. ఆ లోటు బేగంపేట రాడార్ తీరుస్తుంది. దీన్ని రాష్ట్రం గట్టిగా అడగాలి.

మిగతా సగం చిక్కు నేల మీదుంది. 2025 సెప్టెంబరు 14న, నాంపల్లి పక్కనే హబీబ్‌నగర్‌లో, అఫ్జల్‌సాగర్ నాలా ఇద్దరిని లాక్కుపోయింది. జిల్లాలో అక్కడక్కడా ఉరుములతో వాన పడొచ్చన్న మాట నాలా ఒడ్డు బస్తీకి దేనికీ పనికిరాదు. అరగంట ముందు, బస్తీ పేరు పెట్టి, ఉర్దూలోనూ తెలుగులోనూ ఫోన్‌కు హెచ్చరిక రావాలి, మసీదు మైకులోనూ గుడి మైకులోనూ వినపడాలి. రాడార్ బొమ్మలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరికైనా కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చదవగల మనిషిని ఈ వానాకాలమంతా రాత్రింబవళ్లు కంట్రోల్ రూంలో కూర్చోబెట్టడానికి కొత్త రాడార్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.