ఇంటిబడి: పరిచారికా పరీక్షకు ముందు పునశ్చరణము



నర్సింగు విద్య ముగించి, కొన్నియేండ్లు ఆసుపత్రులయందు పనిచేసి, బిడ్డల తల్లులైన యువతులు పలువురు మరల పుస్తకములు ముందిడుకొని రాత్రులు మేల్కొనుచున్నారు. అమెరికా దేశమున పరిచారికగా పనిచేయగోరు స్త్రీ అచ్చటి లైసెన్సు పరీక్షయగు ఎన్‌క్లెక్సునందు కృతార్థురాలు కావలయును. ఆ పరీక్షను మన హైదరాబాదునందే వ్రాయుటకు వీలు కలదు. పరీక్షకు నెల దినములు మాత్రమే మిగిలినపుడు దేనిని మరల చూచుకొనవలెను? దేనిని విడువవలెను? ఇంటిలోని పెద్దలు చేయదగిన సాయమేమి? ఈ ప్రశ్నలనే ఈ మాసమున విచారింతము.

మన పూర్వులు పరిచర్యను తక్కువపనిగా నెంచలేదు. చరకసంహిత వైద్యమునకు నాలుగు పాదములను చెప్పినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనునవియే ఆ నాలుగు. ఆ పరిచారకునకు మరల నాలుగు గుణములు విధింపబడినవి: ఉపచారవిధి తెలిసియుండుట, నేర్పు, అనురాగము, శౌచము. వీనిలో తెలివియే మొదట చెప్పబడినదని గమనింపుడు. ప్రేమ యెంత యున్నను, ఏ మందు ఎంత యీయవలయునో ఎఱుగనిచేతిలో రోగికి క్షేమము లేదు. అనురాగమును తూచుటకు త్రాసు లేదు గాని తెలివిని పరీక్షించుటకు మార్గము కలదు. అందుచేతనే ఫ్లారెన్సు నైటింగేలు 1860లో లండనునందు పరిచారికలకు పాఠశాలను నెలకొల్పిన పిమ్మట, దేశదేశములయందు క్రమముగా శాసనములు పుట్టినవి. న్యూజీలాండు 1901లో పరిచారికల పేర్లు నమోదు చేయుటకు చట్టము చేసినది. మన ఆంధ్రజిల్లాలు చేరియున్న చెన్నపురి రాజధానిలో 1926లో నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చినది. 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టము వెలసినది. మనదేశమున విద్యాలయపు పరీక్షలలో తేఱినవారు రాష్ట్రపు కౌన్సిలులో పేరు నమోదు చేసికొందురు. అమెరికాలో దానికి తోడు వేఱొక లైసెన్సు పరీక్ష కలదు.

ఆ పరీక్ష స్వభావమును మొదట తెలిసికొనవలెను. 1994 నుండి అది కంప్యూటరుపై జరుగుచున్నది. ఒక ప్రశ్నకు చెప్పిన సమాధానమునుబట్టి తరువాతి ప్రశ్న కఠినముగనో సులభముగనో వచ్చును. 2023 ఏప్రిలులో వచ్చిన నూతనపద్ధతిలో 85 ప్రశ్నలకు తక్కువ గాకుండను, 150కి మించకుండను ఇత్తురు. కాలము 5 గంటలు. అందు కొన్ని ప్రశ్నలు ఒకే రోగి కథగా నడచును. ఆమె చార్టులో గమనింపదగినదేది, దానివలన శంకింపదగినదేమి, మొదట చేయవలసినదేమి, చేసినపని ఫలించినదా అని వరుసగా అడుగుదురు. కావున కేవలము వల్లించినది చాలదు. అయినను వల్లింపనిది ఆలోచనకు అందదు. అక్షరములు రానివాడు కావ్యార్థమును విచారింపజాలనట్లు, పొటాషియము ఎంత యుండవలెనో ఎఱుగనిది దాని హెచ్చుతగ్గులను చర్చింపజాలదు. కడపటి నెలలో చేయవలసిన పని ఇదియే. క్రొత్త గ్రంథములను తెఱువక, అత్యవసరములగు విషయములను కారణములతో గూడ మరల స్థిరపఱచుకొనవలెను.

మొదటివి సంఖ్యలు. రక్తమునందు సోడియము లీటరునకు 135 నుండి 145 మిల్లీ ఈక్వివలెంట్లు, పొటాషియము 3.5 నుండి 5.0. పెద్దవారికి నిమిషమునకు ఊపిరులు 12 నుండి 20. నెత్తురు గడ్డకట్టకుండ వార్ఫరిను పుచ్చుకొనువారికి సాధారణముగా ఐ.ఎన్.ఆర్. 2 నుండి 3. లిథియము 0.6 నుండి 1.2 వఱకు ఔషధము, 1.5 దాటినచో విషము. తెలివితప్పిన రోగిని కొలుచు గ్లాస్గో కొలత 1974లో ప్రకటింపబడినది. దానిలో 3 అత్యల్పము, 15 సంపూర్ణము. 8 గాని అంతకు తక్కువ గాని యైనచో ఊపిరిదారిని కాపాడుటకు సిద్ధపడవలెను. వర్జీనియా ఆప్గార్ అను వైద్యురాలు 1952లో కల్పించిన కొలతచే శిశువును పుట్టిన 1వ నిమిషమునను 5వ నిమిషమునను పరీక్షింతురు. రంగు, గుండెవేగము, స్పందన, కండబిగువు, ఊపిరి అను ఐదింటికిని రెండేసి చొప్పున మొత్తము 10.

రెండవవి మందులు, వాని విఱుగుడులు. హెపారినునకు ప్రోటమిన్ సల్ఫేటు; వార్ఫరినునకు విటమిన్ కె; మార్ఫినునకు నాలాక్సోను; పారాసిటమాలు మితిమీఱినచో ఎసిటైల్‌సిస్టీను; మెగ్నీషియం సల్ఫేటునకు కాల్షియం గ్లూకొనేటు. ఈ జంటలను పద్యపాదములవలె నోటికి రప్పించుకొనవలెను.

ఇచ్చట మన బాలికలకు ఒక చిక్కు కలదు. మనమెఱిగిన పారాసిటమాలును అమెరికావారు ఎసిటమినోఫెను అందురు. మన అడ్రినలిను వారికి ఎపినెఫ్రిను. మన సాల్‌బ్యుటమాలు వారికి ఆల్బ్యుటరాలు. మన పెథిడీను వారికి మెపెరిడీను. వస్తువు తెలిసియు పేరు తెలియక ప్రశ్నను పోగొట్టుకొనుట విచారకరము. అట్లే జ్వరమును ఫారన్‌హీటులోను బరువును పౌండ్లలోను చెప్పవచ్చును, కిలోగ్రాము 2.2 పౌండ్లని గుఱుతుంచుకొనవలెను. ఈ రెండు పేర్ల పట్టికను మొదటి వారముననే వ్రాసికొని గోడకంటించుట మంచిది.

విడివిడి సంగతులను ఒక కథగా గ్రుచ్చినచో మఱపురావు. ఒక వృద్ధురాలు గుండెజబ్బునకు డిజాక్సిను పుచ్చుకొనుచున్నది. కాళ్లవాపు తీయుటకు ఫ్యూరోసెమైడు ఇచ్చిరి. అది మూత్రముతోబాటు పొటాషియమును కూడ బయటికి పంపును. పొటాషియము తగ్గినచో డిజాక్సిను విషమగుట కవకాశము హెచ్చును. అపుడు అన్నము సహింపదు, వాంతులగును, దీపముచుట్టును పసుపుపచ్చని వలయములు కనబడును, నాడి మందగించును. కనుకనే డిజాక్సిను ఇచ్చుటకు ముందు గుండెకొనయొద్ద పూర్తిగా ఒక నిమిషము లెక్కించి, పెద్దవారికి 60కి తక్కువయైనచో మందు నాపి వైద్యునకు తెలుపవలెను. ఐదాఱు ముక్కలుగా నున్న పాఠము ఇట్లు ఒకే గొలుసయినది. ఒక కొస పట్టి లాగిన రెండవ కొస దానంతట వచ్చును.

పొటాషియము విషయమున ఒక కఠినశాసనము కలదు. దానిని రక్తనాళములోనికి ఎన్నడును ఒక్కుమ్మడిగా ఎక్కింపరాదు, గుండె నిలిచిపోవును. సెలైనులో పలుచన చేసి మెల్లగా, యంత్రముతో కొలిచి యెక్కింపవలెను. అంతకుముందు రోగికి మూత్రము సరిగా వచ్చుచున్నదా అని చూడవలెను. బయటికి పోవు దారి మూసికొనియుండగా లోనికి పోయుట అపాయము గదా.

గర్భిణులకు రక్తపోటు హెచ్చి గుఱ్ఱపువాతము రాకుండ మెగ్నీషియం సల్ఫేటు ఇత్తురు. అది మితిమీఱిన జాడలు మూడు: మోకాటిచిప్పక్రింద తట్టినపుడు కాలు కదలకపోవుట, ఊపిరులు 12కి తగ్గుట, మూత్రము గంటకు 30 మిల్లీలీటరులకు తగ్గుట. వీనిలో మొట్టమొదట కనబడునది సాధారణముగా కాలి కదలిక పోవుటయే. ఒక చిన్న సుత్తిదెబ్బకు కాలు కదలలేదని గమనించిన పరిచారిక తల్లిని బిడ్డను కాపాడును. దానిని చూడక పైకి నడచిపోయినచో తరువాతి జాడ ఊపిరి యగును.

మధుమేహము లేని యిల్లు నేడు అరుదు గనుక ఇన్సులిను సంగతి మనకందఱకును పనికివచ్చును. తేటయైన రెగ్యులరు ఇన్సులినును, మబ్బుగానుండు ఎన్.పి.హెచ్. ఇన్సులినును ఒకే సిరంజిలోనికి తీయునపుడు గాలిని మొదట మబ్బుసీసాలోనికి, పిదప తేటసీసాలోనికి ఎక్కించి, మందును మాత్రము తేటదానినుండియే మొదట తీయవలెను. మబ్బుమందు తేటసీసాలో కలియకుండుటకే ఈ వరుస. రక్తములో చక్కెర 70కి తగ్గి చెమటలు, వణకు, తడబాటు కలిగినచో, తెలివియున్నవారికి 15 గ్రాముల చక్కెరగల పానీయమిచ్చి 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను. తెలివితప్పినవారి నోట ఏమియు పోయరాదు.

మూడవది, మొదట చేయవలసిన పని ఏది అను విచారము. పరీక్షకు ప్రాణమిదియే. ఊపిరిదారి, ఊపిరి, రక్తప్రసారము అను వరుసను ముందు తలపవలెను. ఉబ్బసపురోగికి పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోయినవనుకొనుడు. తెలియనివారు నెమ్మదించినదని సంతోషింతురు. నిజమున కది గాలి లోనికి బోవుటయే నిలిచిన గుఱుతు కావచ్చును. గదిలోని నలుగురు రోగులలో ముందు అతనియొద్దకే పరుగెత్తవలెను. అట్లే రక్తమెక్కించుచుండగా పదవనిమిషమున రోగి చలి, నడుమునొప్పి అనినచో వైద్యునికొఱకు వెదకుట మొదటి పని కాదు. మొదట రక్తమును ఆపవలెను. తరువాత క్రొత్తగొట్టముతో సెలైను నడపి నాళమును నిలుపవలెను. అటుపై వైద్యునకును రక్తనిధికిని తెలుపవలెను. ఇందుకొఱకే మొదటి 15 నిమిషములు పరిచారిక రోగిచెంతనే యుండవలెనను నియమమున్నది.

నాలుగవది శౌచము. క్షయ, తట్టు, ఆటలమ్మ గాలివలన వ్యాపించును. వానికి ప్రత్యేకపు గది, బిగువైన ఎన్-95 ముసుగు కావలెను. ఫ్లూ జ్వరము తుంపరలవలన వ్యాపించును. సాధారణపు ముసుగు చాలును. విరేచనములను గలిగించు సి. డిఫిసిలు అను సూక్ష్మజీవికి చేతులపై పూసికొను ఆల్కహాలు లెక్కలేదు. సబ్బు, నీరు కావలెను. మన అమ్మమ్మలు నేర్పిన చేతుల కడుగుట ఇచ్చట సర్వోత్తమమైనది.

ఇక చదువు రీతి. జర్మనుపండితుడగు ఎబ్బింగ్‌హౌసు 1885లో మఱపునుగూర్చి ప్రకటించిన పరిశోధనలలో నేర్చినది మొదటి గంటలలోనే వేగముగా జాఱిపోవుననియు, ఎడమెడముగా మరల చింతించినచో నిలుచుననియు తేలినది. అమరకోశమును సంథ చెప్పించుకొని, మఱునాడప్పగించి, పక్షమునకొకసారి మొదటినుండి చింతనచేసిన మన పెద్దలకిది క్రొత్తగాదు. పుస్తకమును పదిమాఱులు చూచుటకంటె, దానిని మూసి ఒకమాఱు అప్పగించుట మేలు. అట్టచీటి కొకవైపు ప్రశ్న, రెండవవైపు జవాబును దాని కారణమును వ్రాయవలెను. తప్పినవి రేపు, తేఱినవి మూడవనాడు, మరల తేఱినవి వారమునకు చూడవలెను. కడపటి రాత్రి మేల్కొని చదువరాదు. ఐదుగంటల పరీక్షకు విశ్రాంతిపొందిన బుద్ధి కావలెను.

పాఠమప్పగించుకొనుట కింటిలో మనుష్యులు కావలెను. ఇది మన పని. అత్తగారికి ఆంగ్లము రానక్కఱలేదు. చీటీలను తెలుగులిపిలో వ్రాసియిచ్చినచో, ఆమె కాయగూరలు తఱుగుచునే "అమ్మాయీ, హెపారినునకు విఱుగుడేమిటే?" అని అడుగగలదు. కోడలు పొయ్యియొద్దనుండి "ప్రోటమిన్ సల్ఫేటు, అత్తయ్యగారూ" అని చెప్పగలదు. ఇదియు చాలక, దినమునకు రెండుగంటలైన ఎవరును పిలువని కాలము ఆమెకు కల్పింపవలెను. బిడ్డను తాతగారు ఎత్తుకొనవచ్చును. భర్త వడ్డించుకొని తినవచ్చును. నాలుగుమాఱులు లేచివచ్చి చదివిన రెండుగంటలు అరగంటకు సాటిగావు. కొన్నియిండ్లలో ఫీజు కట్టుటకు వెనుదీయరు గాని, ఈ కాలమిచ్చుటకు వెనుదీయుదురు. పిమ్మట తప్పినచో నింద మాత్రము ఆమెమీదనే వేయుదురు. ఇది న్యాయముగాదు.

ఒకవేళ తప్పినను లోకము మునుగదు. 45 దినముల పిదప మరల వ్రాయుట కవకాశమున్నది. ఏ భాగమున బలహీనమో తెలుపు పత్రమును తప్పినవారికి పంపుదురు. అదియే తరువాతి పునశ్చరణకు దారిచూపును. ఇంటివారు ఆ దినములలో పలుకు మాట మిక్కిలి జాగ్రత్తగా పలుకవలెను.

ఈ వ్యాసములోని సంఖ్యలను చూచి ఎవరును ఇంటియొద్ద మందులు మార్చుకొనరాదు. అవి వైద్యుల యాజ్ఞతో వాడదగినవి. మన కోడలో కూతురో ఈ రాత్రి కంఠస్థము చేయుచున్న ఒక్క సంఖ్య, ఎన్నడో ఒకనాడు, మనమెన్నడును చూడబోని ఒక తల్లి ప్రాణమునకు అడ్డుపడి నిలుచును. ఆ తల్లిని తలచుకొని మన అమ్మాయికొక దీపము, ఒక గది, రెండుగంటలు ఇత్తము.