మాయామృగం – మూలచిత్రం

అరణ్యకాండలో మారీచుడు స్వర్ణమృగమై పర్ణశాల ముంగిట సంచరించినప్పుడు అతనిని ముందుగా పసిగట్టినది లక్ష్మణుడు కాదు, అడవిలోని లేళ్లు. అవి దగ్గరకు వచ్చి, వాసన చూచి, పది దిక్కులకూ పరుగెత్తాయని వాల్మీకి మహర్షి వర్ణించాడు. ఆ తరువాత లక్ష్మణుడు యుక్తి చెప్పాడు: రత్నచిత్రితమైన లేడి లోకంలో ఎక్కడా లేదు గనుక ఇది మాయ. కంటికి తోచిన రూపాన్ని తాను ఎరిగిన మూలరూపంతో సరిపోల్చడమే అతడు చేసిన పని. సీతమ్మవారి దృష్టి మాత్రం వర్ణశోభయందే నిలిచిపోయింది.

2025 మార్చి చివర హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో, కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న 400 ఎకరాలలో యంత్రాలు చెట్లను కూల్చినప్పుడు మాయామృగం మళ్లీ పుట్టింది. యంత్రాల ముందు బెదరి నిలిచిన లేళ్లు, నెమళ్లు అంటూ కృత్రిమ మేధ కల్పించిన చిత్రాలు దేశమంతటా వ్యాపించాయి. పంచినవారు చాలామంది దయతోనే పంచి ఉంటారు. భూతదయ పరమధర్మమే. దానికి అసత్యాన్ని వాహనం చేయవచ్చునా? చేయరాదు. చేస్తే మొదట నష్టపోయేది ఆ మూగజీవులే. అక్కడ లేళ్లూ నెమళ్లూ నిజంగానే ఉన్నాయి. సుప్రీంకోర్టు ఆదేశంపై స్థలాన్ని ప్రత్యక్షంగా చూచిన హైకోర్టు రిజిస్ట్రార్ నివేదిక ఆ మాటే చెప్పింది. ఏప్రిల్ 3న న్యాయస్థానం చెట్ల నరికివేతను ఆపింది. ఆ నివేదికలో అలంకారం ఏమీ లేదు. కల్పితచిత్రాల సంగతి బయటపడగానే చర్చ లేళ్లను విడిచి చిత్రాలమీదికి మళ్లింది. ప్రజలను తప్పుదోవ పట్టించారని ప్రభుత్వం అన్నది, కేసులు నమోదయ్యాయి. శుక్తియందు రజతాన్ని ఆరోపించినవాడికి రజతం దక్కదు. భ్రాంతి తొలగినప్పుడు విసుగుతో శుక్తిని కూడా పారవేస్తాడు.

అయితే ప్రతి దిద్దుబాటూ అధ్యాస కాదు. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో నిర్మింపజేసిన వేయిస్తంభాల గుడి ఏకశిలా నందినే చూడండి. నల్లరాతిపై ఎండ పడితే ఛాయాచిత్రంలో ఆభరణాల చెక్కడం నీడలో కలిసిపోతుంది. ఆ నీడను పలచబరిస్తే ఉన్నదే వ్యక్తమవుతుంది. అది అద్దంమీది ధూళిని తుడవడం వంటిది. అదే నంది కంట ఒక కన్నీటి బొట్టు చేర్చి “స్వామివాహనం విలపిస్తున్నది” అని పంపితే అది ఆరోపం. భక్తి పేరిట చేసినా ఆరోపమే. ఈ భేదం దిద్దిన చిత్రం ఒక్కదాన్ని ఎంతసేపు చూచినా తెలియదు. మూలం పక్కన ఉండాలి.

ఒక్కొక్కప్పుడు మూలమే ప్రశ్నార్హమవుతుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వన్యప్రాణి ఛాయాచిత్ర పోటీలో 2017లో బహుమతి పొందిన ఒక చిత్రంలో, బ్రెజిల్ అభయారణ్యంలో రాత్రివేళ చెదపుట్టను సమీపిస్తున్న చీమలతిండి జంతువు ఉంది. నిపుణులు దానిని ఆ వనంలోనే ప్రదర్శనకు ఉంచిన, చర్మంలో పొట్టు కూరిన మృతజంతువుతో పోల్చారు. గుర్తులు, రోమాల కుచ్చులు సరిపోయాయి. ఛాయాగ్రాహకుడు సమర్పించిన ముందువెనుకల మూలచిత్రాలలో ఆ జంతువు లేనేలేదు. అతడు ఆరోపణను నిరాకరించినా 2018లో బహుమతి రద్దయింది. “ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు” అనే ప్రత్యభిజ్ఞను బోధించే గురువులకు ఇంతకన్న రుచికరమైన లౌకికదృష్టాంతం దొరకదేమో!

గోమాత నుదుట ఓంకారం, సర్పం పడగపై త్రిశూలం అంటూ చిత్రాలు భక్తసమూహాలలో నిత్యం తిరుగుతూనే ఉంటాయి. మూలచిత్రం ఏదని అడిగినవాడిని నాస్తికుడని గద్దించడం మనలో అలవాటైంది. ఆనాడు మాయను శంకించిన లక్ష్మణునికి రామభక్తి తక్కువా? ఆలయాల పక్షాన చిత్రాలు ప్రకటించేవారైనా ఒక నియమం పాటించవచ్చు. దిద్దిన ప్రతి చిత్రానికీ దిద్దని ప్రతిని భద్రపరచాలి, అడిగినవారికి సంకోచం లేకుండా చూపాలి.