కుక్క రానని చెప్పదు

ఈ మధ్య మా సాఫ్ట్‌వేర్ జనాల్లో కొత్త సరదా ఒకటి మొదలైంది. వారాంతం వస్తే ట్రెక్కింగు, ట్రెక్కింగుకి తోడు కుక్క. అరిజోనాలో ఉన్న స్నేహితులు అక్కడి ఎడారి కొండల్లో కుక్కతో దిగిన ఫొటోలు పంపిస్తారు. అవి చూసి ఇక్కడివాళ్ళు జైసల్మేర్ ఇసుకతిన్నెల మీదికి లాబ్రడార్‌ని తీసుకెళ్దామని ప్లాన్లేస్తారు. ఫొటోలు భలే ఉంటాయి, కాదనను. కానీ చూసిన ప్రతిసారీ నాకొకటే అనుమానం: ఇద్దరిలో ఈ ప్రయాణం కావాలన్నది ఎవరు?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఎడారిలోకి కుక్కని తీసుకెళ్ళడం తప్పేం కాదు. కానీ ఎంత దూరం, ఏ వేళప్పుడు, ఎక్కడ వెనక్కి తిరగాలి అన్నవి మన సరదాని బట్టి కాకుండా కుక్క ఒంటిని బట్టి నిర్ణయించాలి. ఎందుకంటే కుక్క ఎప్పుడూ "నేను రాను" అనదు.

మా మొఘల్‌పురా గల్లీల్లో మే నెల మధ్యాహ్నం ఓసారి నడిచి చూడండి. ఒక్క కుక్క కూడా రోడ్డు మీద కనబడదు. ఆగి ఉన్న ఆటో కింద ఒకటి, మోరీ పక్క తడిమట్టిలో ఒకటి, మెట్ల సందులో ఇంకోటి. ఎండకి కాగిన షాబాదు బండ మీద కాలు పెట్టే పిచ్చిపని అవి చెయ్యవు. పొద్దు వాలాకే మళ్ళీ వాటి రాజ్యం మొదలు. వాటికెవరూ నేర్పలేదు. ఎప్పుడు నడవాలో, ఎప్పుడు పడుకోవాలో నిర్ణయం వాటిదే కాబట్టి ఆ తెలివి పనిచేస్తుంది.

అదే కుక్క మెడలో బెల్టు వేసి చూడండి. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి రమ్మన్నా తోక ఊపుకుంటూ వచ్చేస్తుంది. దాని తెలివి ఎక్కడికీ పోలేదు, మన చేతికిచ్చేసిందంతే. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజ్ లేని సిస్టమ్ అది. లోడు ఎంత పెంచినా నడుస్తూనే ఉంటుంది, ఒకేసారి కూలబడుతుంది.

కారణం దాని ఒంట్లోనే ఉంది. మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది, గాలి తగిలితే చల్లబడతాం. కుక్కకి పాదాల దగ్గర తప్ప చెమట దాదాపు లేనట్టే. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని కూలర్. దానికి మామూలు వేడే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, 105 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. పైగా మన మొహం నేలకి ఐదడుగుల పైన ఉంటే దాని పొట్ట అడుగు ఎత్తులో ఉంటుంది. గాలి 40 డిగ్రీలున్నప్పుడు ఎండలో కాగిన బండ 60 కూడా దాటొచ్చు. మనం బూట్లేసుకుని "ఫర్లేదు, పెద్ద వేడేం లేదు" అంటుంటాం. అది వట్టి కాళ్ళతో పెనం మీద నడుస్తూ ఉంటుంది.

అమెరికాలోని ఫీనిక్స్ నగరం 2016లో ఒక నిబంధన తెచ్చింది. ఉష్ణోగ్రత 100 ఫారన్‌హీట్, అంటే సుమారు 38 సెల్సియస్ ఉంటే ఊరి కొండదారుల్లోకి కుక్కల్ని తీసుకురాకూడదు. కుక్క నాది, ఇష్టం నాది, మధ్యలో మునిసిపాలిటీ ఎవరు అనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. నేను మాత్రం ఫీనిక్స్ వైపే. తన ప్రాణంతో ఆడుకునే హక్కు మనిషికి ఉందో లేదో చర్చించుకోవచ్చు. నోరులేనిదాని ప్రాణంతో ఆడుకునే హక్కు మాత్రం లేదు. అదే ఊళ్ళో 2021లో వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో మధ్యాహ్నం పూట రెండు పెద్ద కొండదారుల్ని మనుషులకి కూడా మూసేయడం మొదలుపెట్టారు. చూశారా, కుక్కల రూలు ముందొచ్చింది, మనుషులది ఐదేళ్ళ తర్వాత! ఇదే లెక్క హైదరాబాదుకి వేస్తే ఏప్రిల్, మే నెలల్లో చాలా రోజులు మధ్యాహ్నం కుక్కని బయటికే తీయకూడదు. ఇక ఎడారి మాటెందుకు?

"కుక్కలు తోడేళ్ళ జాతి, ఎక్కడైనా బతికేస్తాయి" అని ఒక వాదన ఉంది. నిజమే, ఎడారి కుక్కలున్నాయి. అరబ్బు సంచారుల దగ్గర సలూకీలున్నాయి. అంత దూరం ఎందుకు, మన అనంతపురం చూడండి. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర వేదవతి నది ఇసుక గాలికి ఎగిరొచ్చి తిన్నెలు కట్టి పొలాల మీదికి పాకుతుంది. ఆ కరువు సీమలో గొర్రెల కాపరి వెంట కుక్క కిలోమీటర్లకి కిలోమీటర్లు నడుస్తుంది. కానీ మంద పొద్దున్నే కదులుతుంది, ఎండ ముదిరితే చెట్టు కింద ఆగుతుంది, కుంట కనబడితే గొర్రెలతోపాటు కుక్కా తాగుతుంది. ఏ తొందరా ఉండదు. ఐదు రోజులు ఏసీ గదిలో పడుకుని ఆరో రోజు ఎడారిలో దిగిన అపార్ట్‌మెంటు హస్కీకి ఆ అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? మూతి చప్పిడిగా ఉండే పగ్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో ఉన్నప్పుడే దానికి ఊపిరి కష్టం.

పోనీ బెల్టు తీసేసి దాని ఇష్టానికి వదిలేద్దామా అంటే అదీ కుదరదు. మనవైపు మెట్టల్లో పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు, రక్తపింజరి ఉంటాయి. అక్కడ బతికే జీవాల సంగతీ చూడాలి. ఇప్పటి నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. అది నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టే పక్షి. అలాంటి చోట విచ్చలవిడిగా పరిగెత్తే కుక్క ఏం చేస్తుందో ఊహించుకోండి. రాబిన్ డేవిడ్‌సన్ అనే ఆవిడ 1977లో నాలుగు ఒంటెలు, డిగిటీ అనే కుక్కతో ఆస్ట్రేలియా ఎడారిలో సుమారు 2,700 కిలోమీటర్లు నడిచారు. డిగిటీ చివరిదాకా రాలేదు. అడవికుక్కల కోసం పెట్టిన విషపు ఎర తినేసింది. దాని బాధ చూడలేక ఆవిడే కాల్చేయాల్సి వచ్చింది. కాబట్టి బెల్టు ఉండాల్సిందే. బెల్టు ఉందంటే బుద్ధి మన దగ్గర ఉండాల్సిందే.

కుక్కతో ఎడారి అనగానే మనకి గుర్తు రావాల్సింది మహాప్రస్థానం. పాండవులు ఐదుగురు, ద్రౌపది, ఏడోది కుక్క. హిమవంతం దాటాక వాళ్ళకి ఇసుక సముద్రం కనబడిందని వ్యాసభారతం చెబుతుంది. అందరూ పడిపోయినా కుక్క చివరిదాకా ధర్మరాజు వెంటే ఉంది, దాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడాయన. ఈ కథ చెప్పి "చూశావా, కుక్కని ఎక్కడికైనా వెంట తీసుకెళ్ళాలి" అనేవాళ్ళున్నారు. అయ్యా, ధర్మరాజు దాన్ని తీసుకెళ్ళలేదు, అదే వచ్చింది. ఆయన గొప్పంతా, నమ్మి వచ్చినదాని కోసం స్వర్గాన్నే వద్దనుకోవడంలో ఉంది. మనమేమో కొండ మీద ఒక ఫొటోని కూడా వదులుకోలేకపోతున్నాం. ఇంకో ముఖ్యమైన తేడా ఏంటంటే, ఆ కుక్క చివర్లో యమధర్మరాజుగా మారింది. మన టామీ మారడు. మనం అశ్రద్ధ చేస్తే ఆయనే స్వయంగా వస్తాడు.

ఈ కాలంలో అలాంటి మంచి కథ కావాలంటే గోబీ ఉంది. 2016లో చైనాలోని గోబీ ఎడారిలో 250 కిలోమీటర్ల పరుగు పందెం జరుగుతుంటే ఒక చిన్న వీధికుక్క డియాన్ లియోనార్డ్ అనే పరుగువీరుడి వెంటపడింది. తర్వాత అతను దాన్ని ఎడిన్‌బరోకి తెచ్చి పెంచుకున్నాడు. అందరూ ఈ ముక్క చెబుతారు. నాకు నచ్చింది వేరే. ఎండ మరీ ఎక్కువైన రోజుల్లో దాన్ని పరిగెత్తనివ్వలేదు, బండిలో తీసుకెళ్ళారు. అది వస్తానన్నా వద్దన్నారు. ప్రేమంటే అదీ.

అయితే కుక్కని ఇంట్లోనే కట్టేయమంటావా అని అడగొచ్చు. అక్కర్లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్ళండి. తెల్లవారుజామున బయల్దేరండి. అరచేతి వెనకభాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఆనించండి, మీకు కాలితే దానికీ కాలుతుంది. నీళ్ళ లెక్క ముందే వేసుకోండి. 25 కిలోల కుక్కకి మామూలు రోజే లీటరున్నర కావాలి, ఎండలో నడిస్తే రెట్టింపు అనుకోండి. మనకో నాలుగు లీటర్లు. ఇద్దరికీ కలిపి రోజుకి ఏడు, దారిలో నీళ్ళు లేని రెండు రోజులకి పద్నాలుగు కిలోల బరువు. అది మొయ్యలేకపోతే అంత మారుమూలకి వెళ్ళే అర్హత మనకింకా రాలేదన్నమాట. తూలుతున్నా, చొంగ చిక్కగా కారుతున్నా వెంటనే నీడకి చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి గాలి విసరండి. డాక్టరు దగ్గరికి పరుగు ఆ తర్వాతే.

ఇవన్నీ గుర్తుండవనుకుంటే ఒక్కటి పెట్టుకోండి. దారిలో కుక్క కూలబడితే భుజాన వేసుకుని వెనక్కి ఎంత దూరం మోసుకురాగలరో, అంత దూరమే వెళ్ళండి. ముప్ఫై కిలోల లాబ్రడార్‌ని ఎత్తుకుని మీ వీధి చివరిదాకా ఒకసారి నడిచి చూస్తే ఆ దూరమెంతో మీకే తెలిసిపోతుంది.