మాట కోసం కట్టిన గది

డబ్లిన్‌లో గ్లాస్నెవిన్ సమాధుల తోట గోడను ఆనుకుని జాన్ కావెనా పబ్ ఉంది. సమాధుల తోట 1832లో మొదలైతే, ఆ మరుసటి ఏడాదే ఈ పబ్ తెరిచారు. తరాలు మారినా నడిపేది కావెనా కుటుంబమే. గోతులు తవ్వేవాళ్లు పని మధ్యలో గోడ మీద పారతో కొడితే లోపలి నుంచి పింట్ గ్లాసు అందించేవారట. అందుకే ఊరంతా దాన్ని ‘గ్రేవ్‌డిగ్గర్స్’ అంటుంది. ఐరిష్ పబ్ అనగానే ఫిడేలూ పాటా గుర్తొచ్చేవాళ్లు ఇక్కడ ఆశ్చర్యపోతారు. పాడటానికి వీల్లేదు. టీవీ లేదు. అరిగిన చెక్క నేల, పొగకు నల్లబడ్డ గోడలు, మాట్లాడుకుంటున్న మనుషులు. ఐరిష్ పబ్ అసలు స్వభావం ఇక్కడే కనిపిస్తుందని మా నమ్మకం. అమ్మేది మద్యమే అయినా ఆ గది కట్టింది మాట కోసం.

గిన్నిస్ బీరు పోసే తీరే చూడండి. గ్లాసును ఏటవాలుగా పట్టి ముప్పాతిక వంతు నింపి, కౌంటర్ మీద పక్కన పెట్టేస్తారు. గోధుమరంగు సుడులు గ్లాసు అంచుల వెంట కిందికి జారుతూ, అడుగు నుంచి మెల్లగా నలుపు తేరుతూ, పైన చిక్కటి నురగ కడుతుంది. అప్పుడు మిగతా పావు పోస్తారు. ఆ రెండు నిమిషాలూ ఎవరూ తొందరపెట్టరు. వాన గురించో, దూడల ధర గురించో, ఆదివారం జరిగిన హర్లింగ్ ఆట గురించో పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషితో మాట కలిసేది అప్పుడే.

పల్లెల్లో పబ్ చాలాకాలం దుకాణం కూడా. డింగిల్ ఊళ్లో ఫాక్సీ జాన్స్‌కి వెళితే ఒక పక్క బీరు, మరో పక్క మేకులూ సుత్తులూ. టిపరెరీ జిల్లా ఫెథర్డ్‌లోని మెకార్థీస్ వాళ్లు అంత్యక్రియల ఏర్పాట్లు కూడా చూస్తారు. గుమ్మం మీద రాసి ఉండేది ఎక్కువగా యజమాని ఇంటిపేరే. ఎవరి ఇంటికి వెళుతున్నామో తెలిసి వెళ్లడం అది.

అయితే ఆ ఇల్లు అందరిదీ కాదు. పాత పబ్‌లలో ‘స్నగ్’ అని ఒక చిన్న అర ఉంటుంది. మసక అద్దాలు, తలుపుకు లోపల గడియ, కౌంటర్‌లోకి తెరుచుకునే చిన్న కిటికీ. బయట కనపడకూడని ఫాదర్లూ, పోలీసులూ అక్కడ కూర్చునేవారు. ఆడవాళ్లూ అక్కడే. 1970ల్లో కూడా ఎన్నో పబ్‌లు ఆడవాళ్లకు పింట్ పోసేవి కావు, అర గ్లాసుతో సరి. జర్నలిస్టు నెల్ మెక్‌కాఫర్టీ ఒకసారి చాలామంది మహిళలను వెంటబెట్టుకుని వెళ్లి, అందరికీ బ్రాందీలు తెప్పించి, ఆఖరున ఒక్క పింట్ అడిగింది. కుదరదన్నారు. అయితే బ్రాందీలకు డబ్బులిచ్చేది లేదని, తాగేసి అందరూ లేచి వచ్చేశారు. ఆ సంప్రదాయాన్ని చట్టం పూర్తిగా తుడిచిపెట్టింది 2000 సంవత్సరంలోనే.

పబ్‌లో సంగీతం కూడా అనుకున్నంత పాతది కాదు. ఫిడేలూ, పిల్లనగ్రోవీ మోగింది పల్లె ఇళ్ల వంటగదుల్లో. లైసెన్సు లేని బహిరంగ నృత్యాలను నిషేధించిన 1935 చట్టాన్ని ఫాదర్లూ పోలీసులూ ఇళ్లలో ఆటపాటల మీద కూడా ప్రయోగించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌కు కూలికి వెళ్లిన ఐరిష్‌వాళ్లు ఇరుకు అద్దె గదుల్లో వాయించుకునే చోటు లేక పబ్‌లు పట్టారు. అక్కడి అలవాటు స్వదేశానికి తిరిగొచ్చింది.

సాహిత్యానికి ఈ గదులు చేసిన మేలు మేము మరువలేం. ఐరిష్ టైమ్స్ సంపాదకుడు స్మైలీ ప్యాలెస్ బార్‌లో కూర్చుంటే డబ్లిన్ రచయితలంతా అక్కడికే చేరేవారు. 1954 జూన్ 16న కవి ప్యాట్రిక్ కావెనా, నవలాకారుడు ఫ్లాన్ ఓబ్రైన్, మరికొందరు మిత్రులు గుర్రపు బళ్లలో ‘యులిసీస్’ నవల నడిచిన దారిన బయలుదేరి, సగంలోనే బెయిలీ పబ్ దగ్గర ఆగిపోయారు. ఆ నవల పేరిట ఏటా జరుపుకునే బ్లూమ్స్‌డే అలా మొదలైంది. చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. నాటకకర్త బ్రెండన్ బీహన్‌ను తాగుడు 41వ ఏటే పొట్టన పెట్టుకుంది. ఆ బల్లల దగ్గర గాలిలో కలిసిపోయిన పుస్తకాలెన్నో!

ఇప్పుడు ఐరిష్ పబ్ ఎగుమతి సరుకు. 1990ల నుంచి కౌంటర్లూ, అద్దాలూ, పాత సీసాలతో సహా ఐర్లండ్‌లో తయారుచేసి దేశదేశాలకు ఓడల్లో పంపుతున్నారు. చెక్కపని నాణ్యంగానే ఉంటుంది. ఇరుగుపొరుగును మాత్రం ఓడలో పంపలేరు.

ఐర్లండ్‌లో మాత్రం అసలు పబ్‌లు మూతపడుతున్నాయి. 2005 నుంచి రెండు వేలకు పైగా పోయాయి, వాటిలో ఎక్కువ పల్లెల్లోవే. తాగి బండి నడపడంపై 2011లో పరిమితి బిగించడం ఒక కారణమంటారు. ఆ చట్టం ప్రాణాలు కాపాడేది, దాన్ని సడలించమనడం తప్పు. పన్ను తగ్గించమని యజమానులు అడుగుతున్నారు. అంతకన్నా ముందు బస్సు కావాలి. 2018లో కొన్ని పల్లె దారుల్లో ప్రయోగంగా మొదలైన సాయంత్రపు లోకల్ లింక్ బస్సులను ప్రతి మూలకూ, వారంలో ప్రతి రాత్రీ నడపాలి. పొలం మధ్య ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలి రైతు మంగళవారం రాత్రి నలుగురితో నాలుగు మాటలాడి క్షేమంగా ఇల్లు చేరడానికి అంతకన్నా మంచి ఉపాయం మాకు కనిపించడం లేదు.