హృదయ కవాట సంకోచం - మందుల పరిశోధన

గుండె కవాటం దళసరియై, బిరుసెక్కి, రక్తం ప్రవహించే మార్గం ఇరుకైపోవడాన్ని కవాట సంకోచం అంటారు. వృద్ధులలో ఇది ఎక్కువగా ఎడమ జఠరికకు, బృహద్ధమనికి నడుమ ఉన్న బృహద్ధమని కవాటానికి వస్తుంది. వ్యాధి ముదరకుండా ఆపగలదని రుజువైన మందు ఇంతవరకు లేదు. తీవ్రదశలో కవాటాన్ని మార్చడమే చికిత్స. ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం వంటి లక్షణాలు మొదలైన పిదప కవాటం మార్చనిచో చాలామంది కొద్ది సంవత్సరాలలోనే మరణిస్తారు.

కవాట మార్పిడి

2002లో ఫ్రాన్సులోని రువాన్ నగరంలో అలేన్ క్రిబియే అను వైద్యుడు ఛాతీని తెరవకుండా, రక్తనాళం ద్వారా కొత్త కవాటాన్ని అమర్చాడు. శస్త్రచికిత్సను తట్టుకోలేని వృద్ధులకు ఈ పద్ధతి వరమైనది. అయితే జంతు కణజాలంతో చేసిన కవాటాలు కాలక్రమేణా అరిగిపోతాయి. కావున మందు అవసరం తీరలేదు.

విఫలమైన ప్రయత్నాలు

ధమనులలో వలెనే కవాటంలో కూడా మొదట కొవ్వు చేరి, వాపు కలుగుతుంది. అందుచేత కొలెస్టరాల్‌ను తగ్గించే స్టాటిన్ మందులు పనిచేయగలవని భావించారు. 2005లో స్కాట్లండులో అటోర్వాస్టాటిన్‌పై, 2008లో 1,873 మంది రోగులలో సింవాస్టాటిన్, ఎజెటిమైబ్‌ల జంటపై, 2010లో కెనడాలో రొసువాస్టాటిన్‌పై ఫలితాలు వెలువడ్డాయి. కొలెస్టరాల్ తగ్గినది కాని కవాట సంకోచం ఆగలేదు.

దీనికి ఒక వివరణ కలదు. వ్యాధి ఆరంభానికి కొవ్వు కారణమైనా, అటు తరువాత కవాట కణాలు ఎముక కణాల వలె మారి కాల్షియంను పేర్చుకుంటాయి. అప్పుడు కొవ్వును తగ్గించినా ప్రయోజనం ఉండదు. అయితే ఎముకల వ్యాధికి వాడే డెనోసుమాబ్, అలెండ్రోనేట్ మందులు కూడా 2021లో ప్రచురితమైన పరీక్షలో ఫలించలేదు. 2022లో డెన్మార్కులో విటమిన్ కె2 ఫలితమూ అంతే.

జన్యు మార్గం

2013లో లైపోప్రొటీన్-ఎ జన్యువుకు, కవాటంలో కాల్షియం చేరడానికి సంబంధం కనుగొన్నారు. స్టాటిన్లు ఈ లైపోప్రొటీన్‌ను తగ్గించలేవు. 2020లో అమెరికాలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో దీపక్ శ్రీవాస్తవ బృందం, నాచ్1 జన్యులోపం గల మానవ కణాలపై 1,595 రసాయనాలను పరీక్షించినది. వాటిలో ఎక్స్‌సీటీ790 అను పదార్థం ఎలుకలలో కవాట వ్యాధిని అరికట్టినది. మనుషులలో వాడదగిన మందుగా ఇది ఇంకా రూపొందలేదు.

ముందున్న సమస్య

మందు ఫలించాలంటే కాల్షియం పేరుకొనక ముందే మొదలుపెట్టవలసి ఉంటుంది. ఆ దశలో రోగికి ఏ బాధా ఉండదు. ఆరోగ్యంగా కనిపించేవారికి ఏళ్ళ తరబడి మందు ఇచ్చి పరీక్షించడం ఖర్చుతోను, ఓపికతోను కూడిన పని. అందువలన సరైన రసాయనంతో పాటు, వ్యాధి రాబోయేవారిని ముందుగా గుర్తించడం కూడా ఈ పరిశోధనకు అంతే ముఖ్యం.